కిడ్నీ మార్పిడి తర్వాత అప్పు చేసి షేర్లు కొనొచ్చా?

నా వయసు 27. రెండేళ్ల క్రితం అమ్మ ఇచ్చిన కిడ్నీతో మార్పిడి జరిగింది. హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు చేతికి రూ.48,000 వస్తుంది. మందులు, పరీక్షలకు రూ.11,000, ఇంటికి రూ.22,000 అవుతోంది. ఇండెక్స్ ఫండ్‌లో రూ.1.20 లక్షలున్నాయి. క్రెడిట్ కార్డు బాకీ రూ.85,000. ఒక యాప్ రూ.2 లక్షల రుణం ఇస్తానంటోంది. దాంతో కార్డు బాకీ తీర్చి, మిగతాది షేర్లలో పెట్టొచ్చా? రూ.10,000 ఎక్కువ జీతంతో ఓ చిన్న సంస్థలో అవకాశం వచ్చింది. అక్కడ ఉద్యోగులకు సంస్థ ఇచ్చే బృంద ఆరోగ్య బీమా లేదు. మారొచ్చా?

యాప్ రుణం వద్దు. అప్పు చేసి షేర్లు కొనడం ఎవరికైనా ప్రమాదమే. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి తప్పకుండా మందు వేసుకోవాల్సిన మీరు ఆ మాట అడగడమే నాకు ఆశ్చర్యంగా ఉంది. కార్డుపై నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకున్నా దాదాపు రూ.3,000 పోతున్నాయి. ఫండ్‌లోంచి రూ.85,000 తీసి ఈ నెలలోనే బాకీ మొత్తం కట్టేయండి.

మీ లాంటి వారిలో ఎక్కువ మంది చేసే పొరపాటు, కార్డునే అత్యవసర నిధిగా భావించడం. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మోతాదు సరిచూసేందుకు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇచ్చి, ఆ ఫలితాన్ని బట్టి డాక్టరు మందు మార్చిన నెలలో ఖర్చు ఎంతవుతుందో ముందుగా చెప్పలేం. రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నందున, ఇతరులు ఓ మాత్రతో సరిపెట్టుకునే జ్వరానికే మీరు ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. జీతం ఆగినా మందు ఆపలేరు కాబట్టి ఆరు నెలల ఖర్చుకు సరిపడే నిధి మీకు చాలదు, తొమ్మిది నెలలది కావాలి. నెలకు రూ.33,000 చొప్పున అది దాదాపు రూ.3 లక్షలు. ఫండ్‌లో మిగిలే రూ.35,000తో మొదలుపెట్టి, నెలకు రూ.15,000 చొప్పున, అవసరమైనప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో జమ చేస్తే ఏడాదిన్నరలో సమకూరుతుంది. అప్పటిదాకా సిప్ (నెలనెలా ఫండ్‌లో పెట్టుబడి), షేర్లు పక్కన పెట్టండి.

బృంద బీమా లేని చోటికి రూ.10,000 కోసం వెళ్లడం నష్టమే. మార్పిడి జరిగిన వారికి కొత్త వ్యక్తిగత పాలసీ ఇచ్చేందుకు చాలా బీమా సంస్థలు వెనకాడతాయి. ఇచ్చినా, ముందే ఉన్న వ్యాధులకు మూడేళ్ల వరకు ఖర్చు చెల్లించని నిరీక్షణ కాలం పెట్టొచ్చు. మారక తప్పకపోతే, ప్రస్తుత బృంద పాలసీ నుంచి అదే సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో రాజీనామాకు ముందే రాతపూర్వకంగా అడగండి. టర్మ్ పాలసీకి (జీవిత బీమాకు) దరఖాస్తు చేస్తే మార్పిడి విషయం దాచకండి.

కిడ్నీ ఇచ్చిన మీ అమ్మగారి బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఇప్పటి పాలసీలో తల్లిదండ్రులను చేర్చే వీలుందో లేదో రేపే మీ హెచ్‌ఆర్‌ను అడగండి.