నాన్నగారి అమెరికా పెన్షన్: కోసేసిన పన్ను ఎక్కడ అడగాలి?

అండీ, గ్రీన్‌కార్డు వదిలేసి విజయవాడలో స్థిరపడిన మీ నాన్నగారికి పాత కంపెనీ పెన్షన్‌లో 30 శాతం అమెరికాలో కోశారు, ఫారం 67 (విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్, అంటే తగ్గింపు, అడిగే ఫారం) వేసి ఇక్కడ తగ్గించుకోవచ్చా అని అడిగారు. దయచేసి అలా వేయకండి.

భారత్-అమెరికా పన్ను ఒప్పందం 20వ ఆర్టికల్ ప్రకారం ప్రైవేటు పెన్షన్‌పై పన్ను నివాసం ఉన్న దేశానికే చెందుతుంది. అంటే అమెరికా ఆ పన్ను కోయకూడదు. ఒప్పందం ప్రకారం చెల్లించాల్సిన దానికంటే ఎక్కువ కట్టిన విదేశీ పన్నుకు మన ఆదాయపు పన్ను నిబంధనల్లోని 128వ రూల్ క్రెడిట్ ఇవ్వదు. ఈ పెన్షన్‌పై ఒప్పందం ప్రకారం అమెరికాకు చెల్లించాల్సింది సున్నా కదా!

డబ్బు అమెరికా నుంచే తిరిగి రావాలి. పెన్షన్ ఇచ్చేవారు పంపిన కోత వివరాల పత్రం 1042-ఎస్‌లో 7ఎ గడి చూడండి, కోసిన మొత్తం అక్కడ ఉంటుంది. దాన్ని జతచేసి 1040-ఎన్ఆర్ (అమెరికాలో నివసించనివారి పన్ను రిటర్న్) వేసి రీఫండ్ అడగండి. ఇకపై కోయకుండా పెన్షన్ ఇచ్చేవారికి డబ్ల్యూ-8బెన్ (ఒప్పందం ప్రకారం తక్కువ రేటు కోరే ఫారం) పంపండి: 9వ వరుసలో ఇండియా, 10వ వరుసలో ఆర్టికల్ 20, రేటు 0. ఈ 10వ వరుస ఖాళీగా వదిలేస్తే కోత ఆగకపోవచ్చు.

ఇక్కడి రిటర్న్‌లో పెన్షన్ మొత్తం, కోతకు ముందున్నది, జీతం కింద చూపాలి. రూపాయల్లోకి మార్చడానికి పెన్షన్ వచ్చిన నెలకు ముందు నెల చివరి రోజు ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) తీసుకోండి. అక్కడి ఖాతాలు షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల పట్టిక)లో తప్పనిసరి.

సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే పింఛను) కూడా వస్తుంటే కథ తలకిందులు: దానిపై పన్ను అమెరికాకే. 85 శాతంపై 30, అంటే 25.5 శాతం కోస్తారు. ఇక్కడ షెడ్యూల్ ఈఐ (పన్ను పడని ఆదాయాల పట్టిక)లో చూపితే చాలు. రెండింటినీ కలిపేయకండి, టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.