ఆల్బమ్ కవర్ డిజైన్ చేయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ స్నేహితురాలు సొంత పాటలతో 200 సీడీలు వేయిస్తోందనీ, కవర్ మిమ్మల్ని చేయమందనీ రాశారు. ఫోటోషాప్ తెరవకముందు కత్తెర, ఒక అట్టముక్క తీసుకోండి. వెటకారం కాదు, దెబ్బ తిని చెబుతున్నా.

మా పిన్ని కూతురి లలితగీతాల సీడీకి నేనే చేశాను. మూడు మడతల అట్ట కవర్. లోపలి మధ్య పేజీలో తనకిష్టమైన పల్లవిని తన చేతిరాతతోనే పెట్టాను. లాప్‌టాప్‌లో చూసి ఇద్దరం మురిసిపోయాం. హైదరాబాద్ చిక్కడపల్లిలోని ప్రెస్ నుంచి వచ్చిన కట్ట విప్పితే, సరిగ్గా ఆ పల్లవి మీదే సీడీని పట్టి ఉంచే నల్లటి ప్లాస్టిక్ ట్రే అంటించి ఉంది! ట్రే ఎక్కడొస్తుందో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

సీడీ ఎక్కడైనా 12 సెంటీమీటర్లే. కవర్ కొలతలు మాత్రం తయారుచేసేవాళ్లను బట్టి మారతాయి. అందుకే ముందు వాళ్ల దగ్గర కటింగ్ లేఅవుట్, అంటే ఎక్కడ కత్తిరించాలో ఎక్కడ మడవాలో చూపే గీతల నమూనా, తీసుకోండి. దాన్ని ప్రింట్ తీసి, కత్తిరించి, మడిచి, పాత సీడీ ఒకటి పెట్టి చూడండి. ఏ పేజీలో ఏముండాలో దానిమీదే పెన్నుతో రాసి, ఫైల్‌తోపాటు ఆ డమ్మీని కూడా ప్రెస్‌లో ఇవ్వండి. కత్తిరించే గీత దాటి బయటికి బొమ్మను 3 మిల్లీమీటర్లు అదనంగా పొడిగించాలి. మడత దగ్గర ముదురు రంగు ఉంటే పగిలి తెల్లగీత కనిపిస్తుంది. క్రీజింగ్ (మడత గీతను ముందే నొక్కడం), మ్యాట్ లామినేషన్ (మెరుపులేని సన్నటి ప్లాస్టిక్ పొర) చేయించండి, లేదా అక్కడ లేతరంగు పెట్టండి.

ఇక తెలుగు అక్షరాలు. చిన్న అక్షరాలకు ఒక్క నలుపు సిరానే వాడండి. నాలుగు రంగులూ కలిపిన నలుపు వాడితే, ఆ రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడక వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒత్తులు అలుక్కుపోతాయి, సున్నాలు పూడుకుపోతాయి. ఫాంట్‌ను కర్వ్స్‌గా, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా, మార్చాక ప్రతి పేరూ మళ్లీ చదవండి. మా సీడీలో వయొలిన్ ఆయన ఇంటిపేరులో ఒత్తు ఎగిరిపోయింది. త్యాగరాయ గానసభలో ఆవిష్కరణ రోజు ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, నాకే టీ గొంతు దిగలేదు.

200 కాపీలకు డిజిటల్ ప్రింటింగ్ చాలు. ఆఫ్‌సెట్‌లో రంగుకో లోహపు ప్లేటు చేసి అచ్చువేస్తారు కాబట్టి, ఎన్ని కాపీలు వేసినా నాలుగు ప్లేట్ల ఖర్చు తప్పదు. ఎల్పీ రికార్డు మోజు ఉంటే లెక్క మారుతుంది. 12 అంగుళాల రికార్డు కవర్ విప్పితే రెండడుగులు దాటుతుంది, మామూలు డిజిటల్ మెషీన్‌కి పెట్టే 13×19 అంగుళాల కాగితం మీద పట్టదు. నేనైతే తెల్ల కవర్లు కొని, ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు వేసేవాళ్ల దగ్గర ఒకే రంగులో స్క్రీన్ ప్రింటింగ్ అడిగి చూస్తా.

పాటలు వినే యాప్‌ల కోసం 3000×3000 పిక్సెళ్ల చదరపు బొమ్మ విడిగా చేయండి. ఫోన్‌లో అది గోరంత కనిపిస్తుంది, సన్నటి అక్షరాలు వద్దు.

డబ్బుల సంగతి మొహమాటపడకుండా ముందే తేల్చుకోండి. నాకు ముట్టింది ఐదు సీడీలు, ఒక బిర్యానీ.