విడాకులు రాకముందే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా రిటర్ను వేయవచ్చా?

మీ భర్త 2025 మార్చిలో ఇల్లు విడిచి వెళ్ళారు, ఆరేళ్ళ పాప మీ దగ్గరే ఉంది, విడాకుల కేసు ఇంకా తేలలేదు, ఆ ఏడాది అమెరికా పన్ను రిటర్నులో హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (పిల్లలతో ఒంటరిగా ఇల్లు నడిపేవారికి పన్ను తగ్గించే హోదా) అని పెట్టవచ్చా అని అడిగారు. మీరు చెప్పిన వివరాలను బట్టి పెట్టవచ్చు. ఇదే దారిలో నేను నడిచాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఆయన 2022 ఆగస్టులో వెళ్ళిపోయారు. 2023 రిటర్ను వేయించుకోవడానికి వెళితే, విడాకుల డిక్రీ లేనిదే కుదరదని అక్కడివాళ్ళు తేల్చేశారు. నమ్మాను. భార్యాభర్తలు విడివిడిగా వేసే పద్ధతిలో వేశాను. ఆ ఏడాది ఆ పద్ధతికి స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను వేయకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 13,850 డాలర్లు, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కు 20,800. పైగా బాబు డే కేర్ ఖర్చుపై రావలసిన క్రెడిట్ (పన్నులో తగ్గింపు) కూడా పోయింది. ఒక్క జీతంతో అద్దె కట్టుకుంటున్న తల్లికి అది చిన్న మొత్తం కాదు. మరుసటి ఏడాది మా ఊరి లైబ్రరీలో ఉచితంగా పన్ను సాయం చేసే ఒక పెద్దావిడ నా కాగితాలు చూసి, ఆ తప్పు పట్టుకున్నారు. 1040-ఎక్స్ ఫారంతో సవరించాను, డబ్బు తిరిగి వచ్చింది. మామూలుగా రిటర్ను వేసిన నాటి నుంచి మూడేళ్ళలోపు అలా సవరించుకోవచ్చు.

ఈ హోదాకు డిక్రీ ఉండి తీరాలని చట్టం అనదు. పెళ్ళి చట్టపరంగా నిలిచి ఉన్నా, ఏడాదిలో చివరి ఆరు నెలలు, అంటే జులై 1 నుంచి డిసెంబరు 31 వరకు, భర్త ఆ ఇంట్లో నివసించకపోతే మిమ్మల్ని పెళ్ళి కానివారిగానే లెక్కిస్తారు. అందుకే నాకు 2022కు అర్హత లేదు, 2023కు ఉంది. మీవారు మార్చిలోనే వెళ్ళారు కాబట్టి ఈ షరతు నెరవేరింది. అయితే ఒక్క మాట. ఉద్యోగం కోసమో చదువు కోసమో వేరే ఊళ్ళో ఉండి తిరిగి ఇంటికే రావలసిన మనిషిని విడిపోయినట్లు లెక్కించరు. మన కుటుంబాల్లో భర్త ప్రాజెక్టు కోసం వేరే రాష్ట్రంలో ఉండటం మామూలే, దాన్ని ఇందులో కలపకండి. లీజులో ఆయన పేరు ఇంకా ఉందని భయపడ్డారు. పేరు కన్నా ఆయన ఎక్కడ నివసించారన్నదే ముఖ్యం. ఆయన కొత్త చిరునామా చూపే కాగితం ఏదైనా ఉంటే దాచుకోండి.

రెండోది, ఇంటి ఖర్చులో సగానికి మించి మీరే పెట్టి ఉండాలి. అద్దె, కరెంటు, నీళ్ళు, ఇంటి బీమా, మరమ్మతులు, ఇంట్లో తినే తిండి లెక్కలోకి వస్తాయి. బట్టలు, స్కూలు ఫీజు, వైద్యం, కారు ఖర్చు రావు. నేను పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఒక నోటు పుస్తకంలో నెలవారీగా రాసుకున్నాను. మా అన్నయ్య రెండు నెలలు అద్దె కట్టాడు. అది ఇంటి మొత్తం ఖర్చులో చేరింది కానీ నా వాటాలో చేరలేదు.

మూడోది, పాప సగం ఏడాదికి మించి మీతో ఉండాలి. వేసవిలో మా బాబు తెనాలిలో అమ్మమ్మ దగ్గర రెండు నెలలు ఉన్నాడు. అలాంటి సెలవులు తాత్కాలికం, వాటిని మన దగ్గర ఉన్న రోజులుగానే లెక్కిస్తారు.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు డబ్బు పంపుతున్నామని ఈ హోదా తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. అమెరికా పౌరులో, పన్ను లెక్కలో ఇక్కడి నివాసులో, లేదా కెనడా, మెక్సికోలలో ఉండేవారో కాకపోతే వాళ్ళు డిపెండెంట్లు (మన మీద ఆధారపడినవారిగా రిటర్నులో చూపదగినవారు) కారు.

మీ విషయంలో 2025కు స్టాండర్డ్ డిడక్షన్ 15,750 నుంచి 23,625 డాలర్లకు పెరుగుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. విడివిడిగా వేసినప్పుడు భర్త స్టాండర్డ్ డిడక్షన్‌కు బదులు తన ఖర్చులను ఒక్కొక్కటిగా చూపిస్తే భార్య స్టాండర్డ్ డిడక్షన్ కోల్పోతుంది. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కు ఆ చిక్కు లేదు.

పాపను తన రిటర్నులో చూపించుకునే హక్కు ఆయనకు ఇచ్చే 8332 ఫారం మీద మీవారి వకీలు సంతకం అడిగితే కంగారు పడకండి, తొందరపడి సంతకమూ చేయకండి. సంతకం చేస్తే పాప పేరు మీద వచ్చే చైల్డ్ టాక్స్ క్రెడిట్ ఆయనకు వెళుతుంది. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ హోదా మాత్రం పాప ఎవరి దగ్గర ఉందో వారిదే. మీరు సంతకం చేయకుండానే ఆయన ముందుగా పాపను తన రిటర్నులో చూపించి, మీ ఆన్‌లైన్ రిటర్ను తిరస్కరణకు గురైతే, అదే రిటర్నును కాగితం మీద పోస్టులో పంపండి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇద్దరికీ ఉత్తరాలు రాయవచ్చు. అప్పుడు స్కూలు రికార్డు, డాక్టరు రికార్డులో ఉన్న పాప చిరునామా మీకు అండగా నిలుస్తాయి. ఆ రెండింటి నకళ్ళు ఈ వారమే అడిగి తెచ్చుకోండి.