యాప్ డిజైన్ నేర్చుకోవాలంటే పాల కేంద్రానికి వెళ్లండి

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. మాది పలమనేరు దగ్గర పల్లెటూరు. యూఎక్స్ డిజైనర్ (యాప్‌ వాడటం తేలికయ్యేలా రూపొందించేవాళ్లు) కావాలని నా కోరిక. స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా నేర్చుకుని ఒక ఫుడ్ డెలివరీ యాప్‌ని, ఒక మ్యూజిక్ యాప్‌ని కొత్తగా డిజైన్ చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టాను. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ‘ఈ యాప్‌ని ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితిలో వాడతారు?’ అని అడిగితే ఏమీ చెప్పలేకపోయాను. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది. దీనికోసం ఇంకో కోర్సు చేయాలా?
- ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే ఇంకో కోర్సుకి డబ్బు కట్టకండి. ఫిగ్మా వచ్చు కాబట్టి గీయడం మీకు చేతనవును. వాడేవాళ్లని దగ్గరుండి చూడటం ఇంకా మొదలుపెట్టలేదు, అంతే. దానికి మీ ఊరే మంచి చోటు.

తెల్లవారుజామున మీ ఊరి పాల సేకరణ కేంద్రానికి వెళ్లండి. నడిపేవాళ్ల అనుమతి తీసుకుని ఓ పక్కన నిలబడండి. పాలు పోశాక లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు), ధర చీటీ మీద వస్తాయి కదా! ఆ లెక్కను ఫోన్‌లో చూపించే యాప్ మీరే చేస్తున్నారనుకోండి. పాలు పోసే ఆవిడ ఒక చేతిలో క్యాన్ ఉంటుంది. ఫోన్‌కి మిగిలేది రెండో చేతి బొటనవేలే. అదీ తడిగా ఉంటే టచ్ సరిగ్గా పనిచేయదు. వెనక క్యూ కదులుతుంటుంది. చలికాలమైతే ఇంకా చీకటే, తెల్లటి స్క్రీన్ కళ్లలో పొడుస్తుంది. అదే యాప్‌ని మధ్యాహ్నం పొలంలో తెరిస్తే లేత బూడిద రంగు అక్షరాలు ఎండకి కనిపించవు. ఇక, ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు బెంగళూరులో పనిచేసే కొడుకుది కావచ్చు. ఓటీపీ అక్కడికి వెళ్తుంది, ఇక్కడ ఆవిడ లాగిన్ దగ్గరే ఆగిపోతుంది.

ఇలా చూసినవన్నీ డిజైన్ నిర్ణయాలవుతాయి. ప్రతిసారీ లాగిన్ అడగకుండా, తెరవగానే ఈ పూట లెక్క పెద్ద అంకెల్లో కనిపించాలి. నెట్ లేకపోయినా పాత లెక్కలు ఫోన్‌లో ఉండాలి. బటన్లు బొటనవేలికి అందేలా కిందివైపు ఉండాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం తాకే చోటు కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద వాడే కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలి. తడి వేలికి ఇంకొంచెం పెద్దదే ఇవ్వండి. తెలుగులో పెట్టేటప్పుడు వరుసల మధ్య ఖాళీ పెంచండి. ఇంగ్లిష్ కొలతతో వదిలేస్తే ఒత్తులు, గుడులు తెగిపోతాయి. చాలా యాప్‌లలో ఈ తప్పు చూసి బాధేస్తుంది.

ఇలా చూడటం పెద్ద డిజైనర్లు కూడా చేసే పనే. స్టీవెన్ హూబర్ అనే మొబైల్ డిజైనర్ బహిరంగ ప్రదేశాల్లో ఫోన్ వాడేవాళ్లని 1,333 సార్లు గమనించి, 2013లో ఆ వివరాలు ప్రచురించాడు. స్క్రీన్‌ని తాకుతూ కనిపించినవాళ్లలో 49 శాతం ఒంటిచేత్తోనే వాడుతున్నారు. పట్టుకునే తీరు కూడా పనిని బట్టి మారుతూ ఉంటుందని ఆయన గమనించాడు. మన కిరాణా కొట్లలో యూపీఐ సౌండ్‌బాక్స్ నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ. సరుకు తూచే మనిషి ప్రతిసారీ ఫోన్ తీసి మెసేజ్ చూసుకోలేడు. అందుకే డబ్బు పడిందని ఆ పెట్టే పైకి చెబుతుంది. జవాబు స్క్రీన్ మీదే ఉండాలని లేదు.

పోర్ట్‌ఫోలియోలో ఇదంతా ఎలా చూపాలి? ముందు అక్కడ ఏం చూశారో నాలుగు వాక్యాల్లో రాయండి. దానివల్ల మొదటి డిజైన్‌లో ఏం మార్చారో పాత, కొత్త స్క్రీన్లు పక్కపక్కన పెట్టండి. తర్వాత మళ్లీ కేంద్రానికి వెళ్లి పాలు పోసేవాళ్ల చేతికే ఇచ్చి వాడించండి. ఎక్కడ తడబడ్డారో అదీ దాచకుండా రాయండి. అడక్కుండా ఎవరి ఫొటో తీయొద్దు, ఎవరి పేరూ, ఖాతా వివరాలూ పెట్టొద్దు. మ్యూజిక్ యాప్‌ని తీసేసినా నష్టం లేదు.

ఉద్యోగంతో పాటు పైచదువు ఆలోచన ఉంటే ఎండీఈఎస్ (డిజైన్‌లో పీజీ) మంచి దారి. దానికి సీడ్ అనే ప్రవేశ పరీక్షను ఐఐటీ బాంబే ఏటా నిర్వహిస్తుంది. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. ఆ స్కోరుతో ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగానికీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఎన్‌ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మాత్రం వేరే పరీక్ష ఉంటుంది.