పెద్దవాళ్ళతో ఆర్‌వీలో సస్కాచువాన్ సరస్సుల వెంట: వెళ్ళవచ్చునా, ఎలా వెళ్ళాలి?

మీరు కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో, రెజైనాలో ఉంటున్నారు. జూలైలో గుంటూరు నుంచి వచ్చే మీ అమ్మగారిని, నాన్నగారిని ఆర్‌వీలో (మంచం, వంటగది ఉన్న ఇల్లులాంటి బండిలో) ఓ వారం పది రోజులు సస్కాచువాన్‌లోని చిన్న ఊళ్ళకూ సరస్సులకూ తిప్పాలనుకుంటున్నారు. అడిగినవాళ్ళందరూ మాత్రం "ఆ మైదానాల్లో చూడడానికేముంది, కొండల్లోని బాన్ఫ్‌కు తీసుకెళ్ళండి" అంటున్నారు. మా అమ్మానాన్నలతోనూ, తర్వాత మా అత్తగారు, మామగారితోనూ ఇదే ప్రాంతంలో ఇలాగే తిరిగినవాడిగా నా సమాధానం: తప్పకుండా వెళ్ళండి. అయితే కొండలు చూడడానికి వెళ్ళేవాళ్ళు వేసుకునే ప్రణాళిక ఇక్కడ పనికిరాదు. రోజుకు రెండు వందల కిలోమీటర్లకు మించి నడపకండి, దిగిన ప్రతి సరస్సు దగ్గరా కనీసం రెండు రాత్రులు ఉండండి. ఈ రెండు నియమాలూ పాటిస్తే తక్కినవన్నీ వాటంతట అవే కుదురుతాయి.

రెజైనా నుంచి బాన్ఫ్ దాదాపు 900 కిలోమీటర్లు. కారులో ఒక్క రోజులో చేరవచ్చు గాని, ఆర్‌వీలో పెద్దవాళ్ళతో అయితే పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు వేసుకోవాలి. బండి కదులుతున్నంతసేపూ అందరూ బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే. వెనుక మంచం ఉంది కదా, నాన్నగారు పడుకుని వస్తారని చాలామంది అనుకుంటారు, అది కుదరదు. కాబట్టి ఎక్కువ దూరం నడిపే యాత్రలో ఆర్‌వీ వల్ల పెద్దవాళ్ళకు ఒనగూడే సుఖం ఏమీ లేదు. ఆగినప్పుడే దాని విలువ తెలుస్తుంది: మంచం, మరుగుదొడ్డి, వంటగది, చుట్టూ చెట్లు, ఎదురుగా నీళ్ళు.

నేను సూచించే దారి ఇది. మొదట డీఫెన్‌బేకర్ సరస్సు ఒడ్డున ఎల్బో అనే ఊరి దగ్గరున్న డగ్లస్ ప్రొవిన్షియల్ (రాష్ట్ర ప్రభుత్వ) పార్కు, తర్వాత అదే సరస్సుకు ఉత్తరాన ఆనకట్ట పక్కనున్న డేనియల్సన్ పార్కు, అక్కడి నుంచి తూర్పుగా వాట్రస్ పక్కనున్న మానిటో బీచ్, చివరగా దక్షిణంగా దిగి లాస్ట్ మౌంటెన్ సరస్సు ఒడ్డున రోవన్స్ రవీన్ పార్కు, ఆపైన ఇల్లు. ఏ రెండు మజిలీల మధ్యా పైన చెప్పిన దూరం దాటదు. మీకు ఒక రోజు ఎక్కువుంటే మొదట మూస్ జా అనే ఊరి మీదుగా వెళ్ళండి. ఊరి అంచున నిలబెట్టిన ఆ పెద్ద దుప్పి విగ్రహం ఎత్తు విషయంలో నార్వేలోని ఒక ఊరితో పోటీపడి, 2019లో దానికి ఇంకా పెద్ద కొమ్ములు తగిలించారు. ఇందులో చూడవలసింది పెద్దగా లేదు, నవ్వుకుని ఫోటో తీసుకుని బయలుదేరవచ్చు.

మీ నాన్నగారు గుంటూరు జిల్లావారు కాబట్టి డీఫెన్‌బేకర్ సరస్సు దగ్గర ఎక్కువ సమయం కేటాయించమంటాను. అది సహజ సరస్సు కాదు. సౌత్ సస్కాచువాన్ నదికి అడ్డంగా 1959లో మొదలుపెట్టి 1967లో ప్రారంభించిన గార్డినర్ ఆనకట్ట వల్ల ఏర్పడింది. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది కూడా ఆ సంవత్సరమే. మనది రాతికట్టడం, ఇది పూర్తిగా మట్టికట్ట: ఎత్తు 64 మీటర్లు, పొడవు సుమారు 5 కిలోమీటర్లు. దాని మీదుగా పోయే రోడ్డు మీద బండి నడుపుతుంటే ఒక పక్క సముద్రంలా నీళ్ళు, మరో పక్క ఎక్కడో కిందికి సన్నగా సాగిపోయే నది కనిపిస్తాయి. సాగర్ కాలువ కింద సాగు చేసినవారికి ఆ దృశ్యాన్ని విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

పోలిక అంతటితో ఆగదు, అందులో విచారకరమైన భాగమూ ఉంది. సాగర్ నీళ్ళలో మునగబోతున్న నాగార్జునకొండ కట్టడాలను తవ్వి తీసి, కొన్నింటిని కొండపైకి చేర్చి తిరిగి నిలబెట్టారు. ఇక్కడ ఎల్బో దగ్గర లోయలో, పడుకున్న అడవిదున్న ఆకారంలో, దాదాపు 400 టన్నుల బరువున్న మిస్టసీనీ అనే బండ ఉండేది. హిమానీనదాలు మోసుకొచ్చి వదిలిన ఆ రాయి ఇక్కడి ఆదివాసులైన క్రీ జాతి ప్రజలకు ఎంతో పవిత్రమైనది. దానిని తరలించడానికి నిధులు కూడగట్టే ప్రయత్నాలు ఫలించలేదు. నీళ్ళు నిండక ముందే, 1966 డిసెంబరులో, డైనమైట్‌తో దానిని పేల్చివేశారు. ఆ ముక్కల్లో కొన్నింటితో కట్టిన స్మారకం ఎల్బో పడవల రేవు దగ్గర ఉంది. రేవులో ఐస్‌క్రీమ్ తింటూ తిరిగేవాళ్ళలో చాలామంది దానిని గమనించకుండానే వెళ్ళిపోతారు. మీరు మాత్రం పెద్దవాళ్ళను అక్కడ కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. "చూడడానికేముంది" అన్నవాళ్ళకు ఇదొక జవాబు.

రెండో జవాబు పొలాలు. జూలై మొదటి మూడు వారాలలో కనోలా అనే నూనెగింజల పంట పూత మీద ఉంటుంది, దిక్కులన్నీ పసుపుపచ్చగా కనిపిస్తాయి, ఫోటోలన్నీ దానివే. కాని వ్యవసాయం తెలిసినవారికి దాని పక్కన మోకాలెత్తు కూడా లేకుండా నేలకు అణిగి ఉండే పచ్చని మసూర్ చేలు ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి. కెనడాలో పండే మసూర్‌లో అత్యధిక భాగం ఈ ఒక్క రాష్ట్రానిదే, భారతదేశం దిగుమతి చేసుకునే మసూర్ పప్పులో పెద్ద వాటా ఏళ్ళ తరబడి ఇక్కడి నుంచే వెళ్ళింది. ఆవాలు కూడా ఇక్కడ విస్తారంగా పండుతాయి. మసూర్ విత్తిన తర్వాత పెద్ద ఇనుప రోలరుతో నేలను చదును చేస్తారని, కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి కాబట్టి కోత యంత్రానికి రాళ్ళు తగలకుండా వాటిని ముందే మట్టిలోకి అణచివేస్తారని ఒక రైతు చెబితే, మా మామగారు ఆ విషయం ఊరికి ఫోన్ చేసి మరీ చెప్పారు. పొలంలోకి దిగకుండా గట్టు మీది నుంచే చూడాలన్న సంగతి మాత్రం వాళ్ళకు ముందే చెప్పండి. రైతు అనుమతి లేకుండా పొలంలో అడుగుపెట్టకూడదన్న చట్టం 2022 నుంచి అమలులో ఉంది. పైగా కనోలాకు సోకే క్లబ్‌రూట్ అనే వేరు తెగులు చెప్పులకంటిన మట్టితో కూడా ఒక పొలం నుంచి మరో పొలానికి పాకుతుంది.

ఊళ్ళ విషయానికి వస్తే, రైలు మార్గం వెంట పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూగా ఒక ఊరు రావడం గమనిస్తారు. గుర్రపు బండిలో ధాన్యం తెచ్చిన రైతు ఎలివేటరు అనే ఎత్తైన ధాన్యపు గోదాములో పోసి, చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగేంత దూరం అది. 1930లలో ఈ మూడు మైదాన రాష్ట్రాలలో కలిపి ఐదు వేలకు పైగా ఉన్న చెక్క ఎలివేటర్లలో ఇప్పుడు మిగిలినవి కొద్ది. ధాన్యమంతా దూరదూరంగా కట్టిన పెద్ద కాంక్రీటు గోదాములకు పోతోంది, అందుకే చాలా ఊళ్ళు చిక్కిపోయాయి. మిగిలిన ఊళ్ళలో ఒక కో-ఆప్ దుకాణం, ఒక పోస్టాఫీసు, మధ్యాహ్నాలు మాత్రమే తెరిచే చిన్న మ్యూజియం, ఒక కేఫ్ ఉంటాయి. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య ఆ కేఫ్‌కు వెళ్ళండి. రైతులందరూ ఒక బల్ల చుట్టూ చేరి వానల గురించి, ధరల గురించి మాట్లాడుకునే సమయం అది. మీ నాన్నగారు కూర్చుంటే వాళ్ళే పలకరిస్తారు, మీకు దుబాసీ పని తప్పదు. ఆదివారం నాడు, సోమవారం సెలవు కలిసొచ్చిన వారాంతాల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే తెచ్చుకోవాలి. పెట్రోలు ట్యాంకు సగానికి దిగగానే నింపుకోవడం మంచిది.

మానిటో బీచ్ మీ అమ్మగారి కోసం. లిటిల్ మానిటో సరస్సులోకి ఊటలు వస్తాయి గాని బయటికి పోయే దారి లేదు, అందుచేత నీళ్ళు సముద్రపు నీటికన్నా బాగా ఉప్పగా, చిక్కగా ఉంటాయి. ఈత రానివారు కూడా వెల్లకిలా పడుకుంటే తేలిపోతారు. చల్లని నీళ్ళు పడనివారికి అదే నీటిని వేడిచేసి నింపిన ఇండోర్ కొలను ఊళ్ళోనే ఉంది, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీలూ ఉన్నాయి, అయితే అది తెరిచి ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కళ్ళలో పడితే బాగా మండుతుంది, బయటికి రాగానే మంచినీళ్ళతో స్నానం చేయాలి. 1928లో కట్టిన డాన్స్‌ల్యాండ్ అనే నృత్యశాల కూడా అక్కడే ఉంది. కాలికి మెత్తగా ఉండడానికి దాని నేల కింద గుర్రపు వెంట్రుకలు పరిచారు. వారాంతపు సాయంత్రాల్లో డెబ్బయ్యేళ్ళ దంపతులు చేతులు పట్టుకుని నాట్యం చేయడం చూసి మా అత్తగారు మొదట మొహమాటపడ్డారు, తర్వాత లేవనన్నారు.

ఇక బండి. నలుగురికి 24, 25 అడుగుల క్లాస్ సి ఆర్‌వీ సరిపోతుంది, అంతకన్నా పెద్దది తీసుకుంటే చిన్న పార్కుల్లో సైటులోకి (బండి నిలిపే చోటులోకి) వెనక్కి పెట్టడం కష్టమవుతుంది. మామూలు కారు లైసెన్సుతో నడపవచ్చు. డ్రైవరు తలపైన ఉండే మంచం మీకు, వెనుక మంచం పెద్దవాళ్ళకు. లోపలికి ఎక్కే మెట్టు ఎత్తుగా ఉంటుంది, ఒక గట్టి స్టూలు వెంట ఉంచుకోండి. స్నానానికి వేడినీళ్ళు దాదాపు 23 లీటర్లే వస్తాయి, అందువల్ల బకెట్, చెంబు పద్ధతే ఇక్కడ ఉత్తమం, లేదా పార్కులోని స్నానాల గదులు వాడుకోవచ్చు. మరుగుదొడ్డి నీళ్ళకు ఒక ట్యాంకు, వంట, స్నానాల నీళ్ళకు మరో ట్యాంకు ఉంటాయి. ఈ సంగతి పెద్దవాళ్ళకు మొదటి రోజే మర్యాదగా వివరించాలి, ఎందుకంటే మనవాళ్ళు వాడే నీళ్ళకు ఆ ట్యాంకులు రెండు రోజుల్లోనే నిండుతాయి. శానీ-డంప్ (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దగ్గర మరుగుదొడ్డి ట్యాంకు ముందు ఖాళీ చేసి, తర్వాత రెండోది వదిలితే ఆ నీళ్ళతో గొట్టం కడిగినట్టవుతుంది. చేతి తొడుగులు మరవకండి.

సైటు బుక్ చేసేటప్పుడు 30 ఆంపియర్ల కరెంటు ఉన్నదే ఎంచుకోండి. అయినా ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ ఇక్కడి 120 వోల్టుల మీద సరిగా తిరగదు, కాబట్టి పచ్చళ్ళూ పొడులూ ఇంట్లోనే చేసి పట్టుకెళ్ళాలి. తాలింపు మాత్రం బండి లోపల పెట్టవద్దు. ఎండుమిరపకాయ వేగగానే పొగ అలారం మోగుతుంది, ఆ కారం వాసన దుప్పట్లకు పట్టి బండి తిరిగి ఇచ్చేదాకా పోదు, పైగా శుభ్రం చేసినందుకు అదనంగా వసూలు చేయవచ్చు. బయట బల్ల మీద చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకుంటే సరి. జూలైలో రాత్రి దాదాపు తొమ్మిదయితే గాని సూర్యుడు అస్తమించడు, వెలుతురులోనే వంట, భోజనం రెండూ అయిపోతాయి. ఆ తర్వాత దోమలు వస్తాయి.

ఒప్పందంలో రెండు విషయాలు తప్పక చదవండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఉచితం, కంకర రోడ్డు మీద నడపవచ్చా. రెండోది ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే ఈ రాష్ట్రమంతా మైలుకో రెండు మైళ్ళకో ఒకటిగా గడులు గీసినట్టు కంకర, మట్టి రోడ్లే ఉంటాయి, ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అంటూ వాటి మీదికే మళ్ళిస్తుంది. వాన పడితే అక్కడి బంకమట్టిలో బండి కూరుకుపోతుంది. మ్యాపు చెప్పినా హైవే వదలకండి. గాలి కూడా చిన్న విషయం కాదు: అడ్డంగా కొట్టే గాలికి ఎత్తైన బండి ఊగుతుంది, కాబట్టి గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా నడపండి. రాత్రి పడుకోబోయే ముందు ఎంత ప్రశాంతంగా ఉన్నా బండి పక్కకు నీడ కోసం చాపిన గుడ్డను (ఆనింగ్‌ను) చుట్టివేయండి. జూలైలో ఉరుములతో, వడగళ్ళతో కూడిన తుఫాన్లు సాయంత్రాల్లో చాలా వేగంగా వస్తాయి. అలాంటి హెచ్చరిక వస్తే ఆర్‌వీలో కూర్చోకుండా, క్యాంప్‌గ్రౌండ్‌లోని పక్కా భవనంలోకి వెళ్ళాలి.

ప్రొవిన్షియల్ పార్కుల సైట్ల బుకింగు వసంతంలోనే తెరుస్తారు, కరెంటు ఉన్న సైట్లు, ముఖ్యంగా శుక్ర, శనివారాలవి, త్వరగా అయిపోతాయి. మీకు దొరకకపోతే నిరాశపడనవసరం లేదు. ఊరి ప్రజలే నడుపుకునే రీజనల్ పార్కులు ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటిలో ఇప్పటికీ డబ్బు కవరులో పెట్టి పెట్టెలో వేసి సైటు తీసుకోవచ్చు. నిజం చెప్పాలంటే నాకు అవే ఎక్కువ నచ్చుతాయి. పెద్దవాళ్ళ మందులు, సందర్శకుల వైద్యబీమా కాగితాలు చేతికందేలా ఉంచుకోండి. చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో సిబ్బంది కొరతవల్ల అత్యవసర విభాగాలు ఒక్కోసారి తాత్కాలికంగా మూసివేస్తుంటారు. ప్రాణాపాయమైతే 911కు, అది కాని సందేహాలకు 811కు ఫోన్ చేయండి, నర్సు మాట్లాడుతుంది. ఫోను సిగ్నలు ఉన్న చోట ఈ వివరాలు ముందే చూసుకోవడం మంచిది. జూలై చివరి నుంచి కొన్ని సరస్సుల్లో నీలి-ఆకుపచ్చ నాచు పెరుగుతుంది. నీళ్ళు పచ్చరంగు కలిపినట్టు కనిపిస్తే పిల్లలనూ పెద్దవాళ్ళనూ దిగనివ్వవద్దు.

వారు సెప్టెంబరు దాకా ఉండేటట్లయితే యాత్రను లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) తర్వాతికి మార్చే అవకాశం కూడా ఆలోచించండి. అప్పుడు దోమలు తక్కువ, సైట్లు సులభంగా దొరుకుతాయి. లాస్ట్ మౌంటెన్ సరస్సు ఉత్తర కొసలో, 1887లో ఉత్తర అమెరికాలోనే మొదటిదిగా ఏర్పాటైన పక్షుల రక్షిత ప్రాంతంలో, దక్షిణానికి పోయే కొంగలు వేల సంఖ్యలో దిగుతాయి. రాత్రులు మాత్రం చలిగా ఉంటాయి, బండిలోని ప్రొపేన్ హీటరు తెల్లవార్లూ నడపాల్సి వస్తుంది. పైగా కొన్ని పార్కుల్లో ఆ సమయానికే నీళ్ళ కుళాయిలు కట్టివేస్తారు కాబట్టి, బుక్ చేసే ముందు ఒక్కొక్క పార్కుకు ఫోన్ చేసి నీళ్ళు, స్నానాల గదులు, శానీ-డంప్ ఏ తేదీ వరకు ఉంటాయో అడిగి తెలుసుకోండి.