రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సిపాయిలు బూటు మీంచి పిక్క దాకా కట్టుకున్న కాన్వాస్ లెగ్గింగ్స్‌కి లేసు ఏ వైపు రావాలి? కాలికి పట్టేసినట్టు బిగించాలా?

లేసు బయటివైపు. కుడికాలికి కుడిపక్క, ఎడమకాలికి ఎడమపక్క. బిగించడం సంగతి కింద చెబుతాను, ఎందుకంటే అందరూ పాడుచేసేది అక్కడే.

బయటివైపే ఎందుకంటే మా బావమరిది సంగతి చెప్పాలి. పెన్సిల్వేనియాలో రెడింగ్ విమానాశ్రయం దగ్గర ఏటా జూన్ మొదట్లో వరల్డ్ వార్ టూ వీకెండ్ అని జరుగుతుంది. పాత విమానాలు, జీపులు, గుడారాలు, ఆనాటి యూనిఫాంలలో మాలాంటి పిచ్చివాళ్ళు. మావాడు ఆ వేసవిలో గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. "నాకూ ఒక డ్రెస్ ఇప్పించు బావా" అన్నాడు. ఇప్పించాను. లెగ్గింగ్స్ కట్టడం నేర్పిస్తానంటే, "నేను ఎన్‌సీసీ చేశాను బావా, నాకు చెప్పకు" అన్నాడు. ఎన్‌సీసీలో వాడు కట్టింది యాంక్లెట్. చీలమండ మీద పొట్టిగా ఉండి, రెండు బకిల్స్‌తో అయిపోతుంది. దానికీ దీనికీ పోలికే లేదు.

వీడు కుడిది ఎడమకి, ఎడమది కుడికి తొడిగాడు. లేసులు లోపలికి ఉంటే ముందునుంచి నున్నగా, హుందాగా కనిపిస్తుందట. గుడారం దగ్గర నించుని ఫొటోలు దిగినంతసేపూ బాగానే ఉంది. మార్చింగ్ మొదలైంది. ఇరవై అడుగులు వేశాడో లేదో, కుడికాలి హుక్కు ఎడమకాలి లేసులో పడింది. మనిషి గడ్డిలో బోర్లా పడ్డాడు. హెల్మెట్ దొర్లుకుంటూ పోయి ఒక స్ట్రోలర్ చక్రం దగ్గర ఆగింది. పిల్లలు ఇదీ షోలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. మావాడు పడుకునే, "బావా, ఎవరో కాళ్ళు పట్టి లాగార్రా బాబూ" అంటున్నాడు. ఎవరూ లాగలేదు, వాడి కాలే వాడి కాలిని పట్టుకుంది. మా బృందంలో సార్జెంట్ వేషం వేసే పెద్దాయన వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క మాట అనకుండా రెండూ విప్పి, మార్చి, మళ్ళీ కట్టాడు. చిన్నపిల్లాడికి బూట్లు తొడుగుతున్నట్టుంది. ఆ ఫొటో మా ఆవిడ ఫోన్లో ఇప్పటికీ ఉంది.

ఇక కట్టడం. ఈ లెగ్గింగ్‌కి ఒక అంచున కంతలు, రెండో అంచున హుక్కులు. లేసు కంతల్లో ఒకసారి ఎక్కించాక మళ్ళీ బయటికి లాగక్కర్లేదు. వదులుచేసి, హుక్కుల మీంచి తప్పిస్తే చాలు, విప్పినట్టే. నేను కింద ముడేసి మొదలుపెట్టి పైకి వస్తాను. పైన ముడివేసి కొసలు లోపలికి దోపేస్తాను. అడుగున ఉండే పట్టీ మడమకి ముందు, బూటు కింద వంపులోంచి వెళ్ళాలి. మడమ కిందికి పోతే నడక ఎత్తుపల్లాలవుతుంది. మీరు సిమెంటు మీదో తారు మీదో తిరిగేవాళ్ళయితే ముందు అరిగిపోయేది ఆ పట్టీయే. రెడింగ్‌లో రన్‌వే పక్కనే తిరుగుతాం కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు.

జనం లెగ్గింగ్స్‌ని తిడతారు: జారుతోంది, పిక్క దగ్గర ఉబ్బుతోంది, రక్తం ఆగిపోతోంది అని. నూటికి తొంభైమంది విషయంలో తప్పు లెగ్గింగ్‌ది కాదు, లోపలున్న ప్యాంటుది. ఆ ఉన్ని ప్యాంటు కాళ్ళు వెడల్పుగా ఉంటాయి. ఊరికే కూరేస్తే ఉండలు కడుతుంది. ఆ ఉండ కనిపించకూడదని లేసు బిగిస్తారు. మధ్యాహ్నానికి కాలు తిమ్మిరెక్కుతుంది. ముందు మేజోడు పైకి లాగండి, ప్యాంటు అంచు చీలమండకి చుట్టి, మిగిలిన గుడ్డని బయటిపక్కన వెనక్కి ఒకే మడతగా చదునుగా వేయండి, దాని మీద కాన్వాసు రావాలి. పై ముడి వేసేముందు ఒకసారి గొంతుకూర్చుని లేవండి. మోకాలు వంగడానికి కావలసినంత ప్యాంటు అదే పైకి వస్తుంది. లేసు కింద గట్టిగా, పిక్క దగ్గర వేలు దూరేంత వదులుగా ఉండాలి. నూలు లేసు పొద్దున మంచులో తడిస్తే ఇంకా బిగుస్తుంది, ఆ లెక్క కూడా వేసుకోండి.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి. మా మైదానానికి కొత్తగా వచ్చే కుర్రాళ్ళలో పదిమందిలో ఎనిమిది మంది పారాట్రూపర్లే. పొడుగు జంప్ బూట్లు, భుజం మీద డేగ బొమ్మ. అందరూ ఆకాశంలోంచి దూకినవాళ్ళే అయితే పడవల్లోంచి దిగిందెవరు? 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలో ఒమాహా బీచ్‌లో దిగిన 1వ, 29వ డివిజన్ల మామూలు సిపాయిల కాళ్ళకి ఉన్నవి ఈ లెగ్గింగ్సే. లెగ్గింగ్ అవసరం లేకుండా పైన రెండు బకిల్స్ ఉన్న తోలు బూటు 1943లోనే ఖాయమైంది, కానీ కాగితం మీద ఖాయమైంది కాలికి చేరేసరికి ఎంతోమందికి యుద్ధం సగం అయిపోయింది. పొద్దున్నే చలికి కొంకర్లుపోయే వేళ్ళతో ఈ హుక్కులు వెతుక్కున్నవాళ్ళ వేషం వేయడానికి ఎవరికీ మనసొప్పదు, అది ఫొటోలో గొప్పగా కనపడదు కదా.

పాత ఒరిజినల్ దొరికితే సంతోషం, కానీ దానితో రోజంతా నడవొద్దు. కాన్వాసు ఆగినా కుట్లు ఆగవు. నడవడానికి కొత్తగా కుట్టినవి కొనండి, పిక్క చుట్టుకొలత ప్యాంటు వేసుకుని మరీ తీయండి. లోపల 2ఆర్, 3ఆర్ అని ఉండే సైజు ముద్రని నమ్ముకోకండి, పాతవి ఉతుకుల్లో కుంచించుకుపోయి ఉంటాయి. వెనక జిప్పు పెట్టి, హుక్కులు అలంకారానికి కుట్టినవి కూడా అమ్ముతున్నారు. అవి నాటకాల వాళ్ళకి వదిలేయండి. లేసు మాత్రం నూలుదే తీసుకోండి. పాలిస్టర్ది హుక్కు మీంచి జారిపోతూనే ఉంటుంది.