గొడుగు పట్టేవాళ్లకు

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ చుట్టుపక్కల పనిచేసే చిన్న చిన్న స్వచ్ఛంద సంఘాలన్నిటికీ కలిపి గొడుగులాగా ఒక సమాఖ్య పెడతానన్నావు, సంతోషం. లోగో కూడా వేయించానన్నావు. దాన్ని కొన్నాళ్లు బీరువాలో పెట్టు. మేమూ లెటర్‌హెడ్‌తోనే మొదలుపెట్టి ఒక ఏడాది పోగొట్టుకున్నాం. ఆ కాగితాల వెనకవైపు చిత్తు లెక్కలు వేసుకోవడానికి మాత్రం బాగా పనికొచ్చాయి.

మొదటి రెండు మూడు నెలలు ఏమీ పెట్టకు, ఊరికే తిరుగు. రక్తదానం వాళ్లు, చదువు చెప్పేవాళ్లు, ఒంటరి ముసలివాళ్లకు తోడుండేవాళ్లు, ఎవరి దగ్గరికైనా వాళ్లు పనిలో ఉన్న టైంలోనే వెళ్లు. ‘మీకేం కావాలి?’ అని మాత్రం అడగకు. అలా అడిగితే అందరిదీ ఒకటే మాట, నిధులు. ‘పోయిన వారం మీ టైం ఎక్కువ తినేసిన పని ఏది?’ అని అడిగి చూడు, అసలు సంగతి బయటికొస్తుంది.

నేనలా అడిగితే ఒక సంఘం కోశాధికారి గారు లేచి వెళ్లి పాత రేకు డబ్బా ఒకటి తెచ్చి మూత తీశారు. నిండా రసీదులు. సగం వాటి మీద అచ్చు వెలిసిపోయి, ఏ ఖర్చో ఎంత ఖర్చో ఆనవాలు లేదు. పగలంతా మంచాన పడ్డ రోగుల పని చూసుకుని, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఆవిడ ఆ డబ్బా ముందేసుకుని కూర్చునేవారట. ఆవిడకు కావలసింది గ్రాంట్ కాదు. నెలకొక పూట వచ్చి లెక్కలు రాసిపెట్టే మనిషి. మా సమాఖ్య చేసిన మొదటి పని అదే. ఏడు సంఘాలకు కలిపి ఒక్క అకౌంటెంట్‌ని పెట్టాం.

ఇంకో సంఘంలో అరవై కుర్చీలు గదిలో దుమ్ము పట్టి ఉన్నాయి. రెండు వీధుల అవతల ఉన్న సంఘం ప్రతి మీటింగ్‌కీ కుర్చీలు అద్దెకు తెచ్చుకుంటోంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎవరి దగ్గర ఏ సామాను ఉంది, ఏ పని తెలిసిన వాళ్లున్నారు, ఎవరికి ఖాళీ గది ఉంది అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాం. నన్నడిగితే ఆ నోట్‌బుక్కే మా సమాఖ్య. మిగతావన్నీ తర్వాత వచ్చిన హంగులు.

ఇప్పుడు అసలు మాట. ఇది చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. నీ సభ్య సంఘాలతో నువ్వు పోటీకి దిగకూడదు.

మేం దిగాం. మూడో ఏడాది చేతిలో డబ్బు అయిపోవచ్చింది. పిల్లల చదువుల మీద ఒక గ్రాంట్ ప్రకటన పడిందని తెలిసి అప్లికేషన్ పెట్టాం. మా సభ్యుల్లోనే ఒక చిన్న సంఘం కూడా దానికే పెట్టుకుంది. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాం, అదీ మా తప్పు. మాకు ఆఫీసుంది, రిపోర్టులు రాసేవాళ్లున్నారు. మాకొచ్చింది, వాళ్లకు రాలేదు. తర్వాతి సమావేశానికి వాళ్లు వచ్చారు. చివరి వరుసలో కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. వెళ్లేటప్పుడు రాజీనామా లేఖ టేబుల్ మీద పెట్టి వెళ్లారు. ఆ ఏడాదిలోనే ఇంకో నాలుగు సంఘాలు తప్పుకున్నాయి. గొడవ పడి ఉంటే సర్దుకునేవాళ్లమేమో.

అందుకని నియమావళిలోనే రాసుకో, సభ్యులు చేస్తున్న పని సమాఖ్య చేయదు, వాళ్లు అడిగే నిధులు సమాఖ్య అడగదు అని. కలిసి అప్లై చేయాల్సి వస్తే ఎవరి పని ఏది, ఎవరి వాటా ఎంత అన్నది ముందే కాగితం మీద పెట్టుకోండి.

పెద్దరికం తలకెక్కడం కూడా ఇలాంటిదే. లండన్‌లో 1869లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ అని ఒకటి పెట్టారు. ఒకే ఇంటికి నాలుగు సంఘాలు సాయం చేయడం, పక్కింటికి ఎవరూ చేయకపోవడం జరగకుండా అందరి మధ్యా సమన్వయం తేవాలని దాని ఉద్దేశం. పోనుపోను అది సాయానికి ఎవరు అర్హులు, ఎవరు కాదు అని ఆరా తీసే ఆఫీసుగా పేరు పడింది. అదే దేశంలో 1919లో మొదలైన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సోషల్ సర్వీస్ కూడా సంఘాలను కలిపేదే. అది 1980లో పేరు మార్చుకుని సమాఖ్యగానే ఇప్పటికీ నడుస్తోంది. నువ్వు కూడా సభ్యులకు ఇన్‌స్పెక్టర్‌వి కావద్దు. లెక్కలు సరిగ్గా లేని సంఘం కనిపిస్తే పక్కన కూర్చుని నేర్పించు.

నియమావళి గురించి అడిగావు. సంఘం ఎంత పెద్దదైనా ఓటు ఒక్కటే ఉండాలి. లేకపోతే వందమంది వలంటీర్లున్న సంఘం ముందు నలుగురున్న సంఘం నోరెత్తదు. కార్యవర్గంలో ఒకరు వరుసగా ఎన్నేళ్లు ఉండొచ్చో గడువు పెట్టు. నేను పన్నెండేళ్లు అధ్యక్షుడిగా ఉన్నాను, చివరి ఐదేళ్లూ అనవసరం. తమ సంఘానికి లాభమో నష్టమో ఉన్న విషయం చర్చకు వస్తే ఆ సభ్యులు బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. సమాఖ్య మూతపడితే మిగిలిన ఆస్తి ఎవరికి చెందాలో కూడా ఇప్పుడే రాయి. పెళ్లినాడు విడాకుల మాటలాగా ఉంటుంది గానీ తప్పదు. రిజిస్ట్రేషన్ లేని చిన్న బృందాలకూ ఏదో ఒక రకం సభ్యత్వం ఇవ్వు. ఎక్కువ సాయం అవసరమయ్యేది వాళ్లకే.

సభ్యత్వ రుసుము కొద్దిగానైనా పెట్టు, పూర్తిగా ఉచితం చేయకు. డబ్బు కట్టినవాళ్లు ప్రశ్నలడుగుతారు, నీకు కావలసిందీ అదే. నీ ఖర్చులు మాత్రం దాంతో వెళ్లవు. నిధులిచ్చేవాళ్లకు ప్రాజెక్టులంటే ఇష్టం, ఆఫీసు అద్దె, జీతాలు అంటే మొహం చిట్లిస్తారు. ప్రతి ప్రాజెక్టు బడ్జెట్‌లోనూ వీటి వాటా మొహమాటపడకుండా రాయి. కనీసం మూడు నెలల ఖర్చు విడిగా దాచు. మా దగ్గర ఆ మూడు నెలల డబ్బు ఉండి ఉంటే ఆ అప్లికేషన్ పెట్టేవాళ్లమే కాదు.

అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు సభ్యుల్ని అడగకుండా ‘సమాఖ్య అభిప్రాయం’ అని చెప్పకు. అందరూ ఒప్పుకోని చోట, మాలో రెండు అభిప్రాయాలున్నాయి అనే చెప్పు. పరువేం పోదు.

నియమావళి చిత్తుప్రతి పంపు, ఎర్ర పెన్ను పట్టుకుని చూస్తాను. ఈలోగా ఒక పది సంఘాలు తిరిగి రా. వచ్చేటప్పుడు ఆ లోగో కూడా పట్టుకురా, నాకూ చూడాలని ఉంది.

మీ పెదనాన్న